ఆరుబయట స్కేటింగ్: బ్లేడు పదును తీసేది ఐస్ కాదు, ఇసుకరేణువు

ఐస్ స్కేటింగ్ బూటు కింద ఉండే ఉక్కు బ్లేడు దేనివల్ల మొద్దుబారుతుంది? ఈ ప్రశ్నకు చాలామంది ఠక్కున చెప్పే జవాబు ‘ఐస్ వల్ల’ అని. గంటల తరబడి రాయిలాంటి ఐస్‌ను కోస్తూ తిరిగే బ్లేడు ఆ ఐస్ వల్లే అరుగుతుందనుకోవడం సహజమే. కానీ లెక్క వేసి చూస్తే ఐస్ వాటా చాలా తక్కువని తెలుస్తుంది. ఆరుబయట స్కేటింగ్‌లో బ్లేడును ఎక్కువగా దెబ్బతీసేవి రెండే. ఒకటి కంటికి సరిగా ఆనని ఇసుకరేణువు. రెండోది ఆట ముగిసి వెచ్చని గదిలోకి వెళ్లాక ఉక్కు మీద పట్టే చెమ్మ.

మన దేశంలో ఈ విషయానికి చాలా ప్రాధాన్యం ఉంది. పైకప్పు ఉన్న స్టేడియంలో, యంత్రాలతో గడ్డకట్టించిన శుభ్రమైన ఐస్ మీద సాధన చేసే అవకాశం ఇక్కడ కొద్దిమందికే దొరుకుతుంది. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉన్న లేహ్ పరిసరాల్లో చలికాలం రాగానే చెరువులే ఆటస్థలాలవుతాయి. సిమ్లాలో 1920 నుంచి నడుస్తున్న రింకులో చదునైన నేల మీద రాత్రిపూట నీళ్లు చల్లి, ఆ చలికే గడ్డకట్టనిస్తారు. రెండు చోట్లా ఆడుకోవడానికి దొరికేది ఏటా కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లో బ్లేడుకు గంటు పడితే, దగ్గర్లో సాన పట్టే యంత్రం లేకపోతే, పోయిన రోజులు మళ్లీ రావు.

కాగితం మందమంత గాడి

దూరం నుంచి చూస్తే స్కేట్ బ్లేడు కత్తిలా కనిపిస్తుంది. కానీ దాని నిర్మాణం కత్తిలాంటిది కాదు. కత్తికి ఒకే అంచు ఉంటుంది. స్కేట్ బ్లేడు అడుగుభాగం చదునైన పట్టీలా ఉండి, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి చొప్పున రెండు అంచులు ఉంటాయి. ఐస్ హాకీ బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. ఫిగర్ స్కేటింగ్ బ్లేడు దాదాపు 4 మిల్లీమీటర్లు. వేగపు పందేల్లో వాడే షార్ట్ ట్రాక్ బ్లేడు 1 మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ.

హాకీ, ఫిగర్ బ్లేడ్లలో ఆ రెండు అంచుల మధ్య పొడవునా ఒక గాడి ఉంటుంది. గుండ్రటి సానరాయితో అరగదీయడం వల్ల అది ఏర్పడుతుంది. ఆ గాడి వంపు ఒక వృత్తంలో భాగం. హాకీ బ్లేడ్లకు ఎక్కువగా వాడే కొలత అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల వ్యాసార్ధం. మరి ఆ గాడి లోతెంత?

బడిలో నేర్చుకున్న వృత్తం లెక్కతోనే తేల్చవచ్చు. మందం వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే గాడి లోతు వస్తుంది. 3 మిల్లీమీటర్ల బ్లేడుకు అది 0.09 మిల్లీమీటర్లు. అంటే ప్రింటరులో వాడే కాగితం మందమంత. ఆటగాడు ఒరిగి మలుపు తిరిగేటప్పుడు ఐస్‌లోకి దిగి ఒంటి బరువును నిలబెట్టేది ఆ కాస్త ఎత్తుతో నిలిచిన అంచే. వేగంగా వెళుతూ ఠక్కున ఆగాలన్నా, ఒక్క కాలి మీద చుట్టూ తిరగాలన్నా ఆధారం అదే.

ఇక ఇసుకరేణువు సంగతి చూద్దాం. భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో ఇసుక అంటే సుమారు 0.06 నుంచి 2 మిల్లీమీటర్ల వ్యాసం గల రేణువులు. మామూలు ఇసుకరేణువు ఒకటి ఆ గాడి మొత్తం లోతు కంటే పెద్దది. గాడి పట్టిన బ్లేడుకు అది దారిలో అడ్డుపడిన బండరాయితో సమానం.

ఐస్ ఎందుకు జారుతుంది?

బ్లేడు మీద ఐస్ ప్రభావం ఎందుకు తక్కువో తెలియాలంటే ముందు ఐస్ ఎందుకు జారుతుందో చూడాలి. ఒత్తిడి పెరిగితే ఐస్ కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందని 1849లో జేమ్స్ థామ్సన్ సిద్ధాంతరీత్యా చెప్పారు. మరుసటి ఏడాది ఆయన తమ్ముడు విలియం థామ్సన్, అంటే తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, దాన్ని ప్రయోగంతో నిరూపించారు. 1886లో జాన్ జోలీ ఈ సూత్రాన్ని స్కేటింగ్‌కు వర్తింపజేశారు. సన్నని బ్లేడు మీద ఒంటి బరువంతా పడటంతో కింది ఐస్ కరుగుతుందనీ, ఆ నీటి పొర మీద బ్లేడు జారుతుందనీ ఆయన వివరణ. చాలా పాఠ్యపుస్తకాల్లో ఇదే కనిపించేది.

ఈ వివరణ ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి ఒక కాలి మీద నిలబడితే పడే బలం సుమారు 600 న్యూటన్లు. ఐస్‌ను తాకే బ్లేడు భాగం 5 సెంటీమీటర్ల పొడవు, 1 మిల్లీమీటరు వెడల్పు అనుకుంటే, ఒత్తిడి దాదాపు 120 వాతావరణ పీడనాలకు సమానం. ఇంత ఒత్తిడి కూడా ఐస్ కరిగే ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ లోపే తగ్గించగలదు. జనవరి ఉదయం లేహ్ చెరువు మీద ఐస్ మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉంటే ఆ ఒక్క డిగ్రీతో ఏమీ కరగదు. అయినా పిల్లలు అక్కడ హాయిగా జారుతూనే ఉంటారు. కాబట్టి ఒత్తిడి ఒక్కటే కారణం కాదు.

1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోక్ పరిశోధన కేంద్రంలో చేసిన ప్రయోగాలు మరో కారణాన్ని ముందుకు తెచ్చాయి. బ్లేడు కదులుతున్నప్పుడు రాపిడి వల్ల పుట్టే వేడి ఐస్ పైపొరను కరిగిస్తుంది. వీటన్నిటికంటే ముందే, 1850లో, మైకేల్ ఫారడే మరో సంగతి గమనించారు. రెండు ఐస్ ముక్కలను ఆనించి ఉంచితే అతుక్కుపోతాయి. ఐస్ ఉపరితలం మీద ద్రవంలాంటి పలుచని పొర ఎప్పుడూ ఉంటుందని ఆయన ఊహించారు. పైపొరలోని నీటి అణువులు లోపలి అణువుల్లా గట్టిగా బిగిసి ఉండవని ఈనాటి ప్రయోగాలు చెబుతున్నాయి. 2018లో ఆమ్‌స్టర్‌డామ్, మైంజ్ పరిశోధకులు ప్రచురించిన కొలతల్లో మైనస్ 7 డిగ్రీల దగ్గర ఐస్ అత్యంత జారుడుగా తేలింది. అంతకంటే వేడెక్కితే ఐస్ మెత్తబడి, బ్లేడు అందులోకి దిగబడుతుంది. మరీ చల్లబడితే పైపొర అణువుల కదలిక తగ్గి రాపిడి పెరుగుతుంది.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, బ్లేడుకూ ఐస్‌కూ మధ్య కందెన పొర ఒకటి తనంతట తానే ఏర్పడుతుంది. పైగా ఐస్ ఉక్కు ముందు చాలా మెత్తన. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ స్కేలులో కరిగే స్థితికి దగ్గరలో ఉన్న ఐస్ సుమారు 1.5 దగ్గర ఉంటుంది. చలి పెరిగేకొద్దీ కాస్త గట్టిపడుతుంది, అంతే. గట్టిపరచిన ఉక్కు 6 దగ్గర ఉంటుంది. కొబ్బరి కోరును కోస్తే కత్తిపీట మొద్దుబారడానికి ఎంతకాలం పడుతుందో, శుభ్రమైన ఐస్ మీద బ్లేడు మొద్దుబారడానికీ అలాగే చాలా కాలం పడుతుంది. అదే కత్తిపీటను ఒక్కసారి గచ్చు మీద రాస్తే ఏమవుతుందో వంటింట్లో అందరికీ తెలుసు.

గ్రానైటు కొండల నుంచి చెరువు మీదికి

ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజం క్వార్ట్జ్. మోస్ స్కేలులో దాని స్థానం 7. మరింత కచ్చితమైన విక్కర్స్ కొలమానంలో చూస్తే, బ్లేడు ఉక్కు గట్టితనం సుమారు 600 నుంచి 700 ఉంటుంది. క్వార్ట్జ్ 1,000 దాటుతుంది. రాపిడి రేణువు గట్టితనం లోహం కంటే కొద్దిగా ఎక్కువైతే చాలు, అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుందన్నది యంత్రాల అరుగుదలను అధ్యయనం చేసే ఇంజనీర్లకు తెలిసిన సూత్రం. ఇక్కడ తేడా కొద్దిపాటిది కూడా కాదు. అందువల్ల రేణువు చెక్కుచెదరదు, ఉక్కు అంచుకే గంటు పడుతుంది.

లద్దాఖ్‌లో ఈ రేణువులకు కొదవ లేదు. లేహ్ వెనక ఉన్న లద్దాఖ్ శ్రేణిలో గ్రానైటు జాతి శిలలే ఎక్కువ. వాటిలో ఉండేది ప్రధానంగా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. హైదరాబాద్ చుట్టూ కనిపించే బండరాళ్లలో ఉన్న ఖనిజాలూ ఇవే. ఎండకూ చలికీ పగిలి, వాగుల్లో కొట్టుకొచ్చి, గాలికి లేచే ఆ పొడి చివరికి చెరువు ఐస్ మీద వాలుతుంది. చెట్టూ గడ్డీ పెద్దగా లేని చలి ఎడారి కావడంతో ధూళిని పట్టి ఉంచేదేమీ ఉండదు.

రేణువులు ఐస్‌ను చేరే దారులు మూడు. మొదటిది గాలి. రెండోది మనుషుల కాళ్లు. ఒడ్డున మట్టిలో నడిచి, ఆ చెప్పులతోనే ఐస్ మీదికి దిగేవాళ్లు తమతో ఇసుకను తెస్తారు. మూడోది నీళ్లు. ఐస్‌ను నున్నగా చేయడానికి రాత్రిపూట పైన నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు వాగు నుంచి బురదగా వస్తే, అందులోని సన్నని ఒండ్రు ఐస్ పొరలోనే బిగిసిపోతుంది. పైన ఉన్న ఇసుకను చీపురుతో ఊడవచ్చు. ఐస్ లోపల బిగిసిన ఇసుకను ఊడవలేం. అందుకే నీళ్లను కాసేపు నిలవ ఉంచి, పైన తేరిన నీటినే పోయడం మేలు.

ఇక్కడ సూర్యుడి పాత్ర కూడా ఉంది. తెల్లని ఐస్ తన మీద పడిన వెలుగులో చాలా భాగాన్ని వెనక్కి పంపుతుంది. నల్లని గులకరాయి ఆ వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న ఐస్‌ను కరిగిస్తూ లోపలికి దిగుతుంది. సాయంత్రానికి ఆ గుంటలోని నీరు గడ్డకడుతుంది. మర్నాడు ఆ చోట చిన్న గుంటో, బుడిపో, పైకి తేలిన రాయి కొనో ఉంటుంది. ఎండిన ఆకులు, పుల్లలతోనూ ఇదే జరుగుతుంది. హిమానీనదాల మీద శాస్త్రవేత్తలు చూసే సన్నని నిలువు గుంటలు ఏర్పడేదీ ఇలాగే. ఎత్తైన ప్రాంతాల్లో ఎండ తీవ్రంగా ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం కంటే ఉదయం, సాయంత్రం వేళల్లో ఐస్ మేలుగా ఉంటుంది. సిమ్లా రింకులో ఉదయం, సాయంత్రం మాత్రమే ఆడించే పద్ధతికి కారణం ఇదే.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. బ్లేడు సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి. చెరువు ఐస్ మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నీరు వచ్చి చేరే చోట, ఊట ఉన్న చోట పలుచగా ఉంటుంది. ఒక్కరు నడవడానికో స్కేటింగ్‌కో కనీసం 15 సెంటీమీటర్లు, జట్టుగా ఆడటానికి 20 సెంటీమీటర్లు ఉండాలని కెనడా రెడ్‌క్రాస్ సూచన. స్థానికులు చూసి సరేనన్న చోటే దిగాలి.

ఐస్ దిగాక పది అడుగులు

బ్లేడుకు ఎక్కువ నష్టం జరిగేది ఐస్ మీద కాదు, ఐస్‌కూ బల్లకూ మధ్య ఉన్న ఆ పది అడుగుల్లో. కాంక్రీటులో ఉండేది ఇసుకా కంకరే. ఒడ్డున మట్టి నేలలోనూ అవే రేణువులు. ఒంటి బరువంతా పడుతూ, కాగితం మందమంత ఎత్తున్న అంచుతో దాని మీద నాలుగు అడుగులు వేస్తే చాలు, నెల రోజుల ఆటకు సరిపోయే పదును పోతుంది.

దీనికి విరుగుడు చవకైనది. బ్లేడుకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులను గార్డులు అంటారు. నడిచేటప్పుడు ఇవి తప్పనిసరి. అయితే గార్డు గాడిలోనే ఇసుక చేరితే, దాన్ని తొడిగిన ప్రతిసారీ బ్లేడును గరుకు కాగితంతో రుద్దినట్టే. అందుకే వాటిని నీళ్లతో కడిగి, ఆరబెట్టి వాడాలి. గార్డులు లేనివారికి బల్ల నుంచి ఐస్ వరకు పరిచిన రబ్బరు చాపో, పాత కంబళో పనికొస్తుంది. దాన్ని కూడా రోజూ దులపాలి.

అంచు దెబ్బతిన్నదో లేదో తెలుసుకోవడానికి కాంతిశాస్త్రం సాయపడుతుంది. బ్లేడును తలకిందులుగా పట్టుకుని దీపం వెలుగులో అంచు వెంట చూడండి. పదునైన అంచుకు వెడల్పు ఉండదు కాబట్టి అది వెలుగును వెనక్కి పంపదు, గీతలా నల్లగానే కనిపిస్తుంది. ఎక్కడైనా తెల్లని చుక్కో గీతో మెరిస్తే అక్కడ అంచు చదునైపోయిందని అర్థం. కత్తికి సాన పట్టేవారు తరతరాలుగా చేసే పరీక్షే ఇది.

తుప్పు పట్టేది చలిలో కాదు

మైనస్ 10 డిగ్రీల చలిలో గంటసేపు ఆడినంతసేపూ బ్లేడుకు తుప్పు భయం దాదాపు లేదు. తుప్పు పట్టాలంటే ఇనుము, ఆక్సిజన్‌తోపాటు ద్రవరూపంలో నీరు కావాలి. ఆ చలిలో ఘనపు మీటరు గాలి మహా అయితే 2.3 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అసలు చిక్కు ఆట ముగిశాకే మొదలవుతుంది.

ఆటగాళ్లు బుఖారీ వెలిగించిన గదిలోకి వస్తారు. పొయ్యి మీద టీ మరుగుతూ ఉంటుంది. పదిమంది ఊపిరి ఆవిరీ ఆ గదిలోనే ఉంటుంది. 20 డిగ్రీల గదిలో, 50 శాతం తేమ ఉంటే, ఘనపు మీటరు గాలిలో 8 గ్రాములకు పైగా నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలి సుమారు 9 డిగ్రీలకు చల్లబడితే చాలు, ఆవిరి నీటిగా మారడం మొదలవుతుంది. దీన్నే తుషారాంకం అంటారు. మైనస్ 10 డిగ్రీల బ్లేడు దానికి చాలా దిగువన ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా చెమర్చినట్టే, ఏసీ కారులోంచి విజయవాడ ఎండలోకి దిగగానే కళ్లజోడు మసకబారినట్టే, బ్లేడు మీద చెమ్మ పడుతుంది.

ఎంత చెమ్మ? బ్లేడు ఉక్కు 150 గ్రాములు అనుకుందాం. మైనస్ 10 నుంచి 9 డిగ్రీల దాకా వేడెక్కడానికి దానికి సుమారు 1,300 జౌళ్ల వేడి కావాలి. గ్రాము ఆవిరి నీరుగా మారితే దాదాపు 2,500 జౌళ్లు విడుదలవుతాయి. బ్లేడు వేడెక్కడమంతా చెమ్మ వల్లే జరిగిందనుకున్నా, పట్టే నీరు అర గ్రాము మాత్రమే. కానీ తుప్పుకు అర గ్రాము చాలా ఎక్కువ. పలుచని నీటిపొరలోకి గాలిలోని ఆక్సిజన్ సులభంగా చేరుతుంది కాబట్టి, ముంచి ఉంచిన ఇనుము కంటే చెమర్చిన ఇనుమే త్వరగా తుప్పు పడుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఐస్ దిగగానే గుడ్డతో తుడిచి, పని అయిపోయిందని సంచిలో పెట్టేస్తారు. అప్పటికి బ్లేడు ఇంకా చల్లగానే ఉంటుంది. తుడిచిన పది నిమిషాలకు మళ్లీ చెమరుస్తుంది. అందుకే రెండుసార్లు తుడవాలి. బయట ఒకసారి, అంటుకున్న ఐస్ పొడి పోయేలా. లోపలికి వచ్చి బ్లేడు గది వేడికి వచ్చాక మరోసారి, బ్లేడును బిగించిన మరల సందులతో సహా.

ఇక ప్లాస్టిక్ గార్డులు నడవడానికే తప్ప దాచడానికి కాదు. వాటిలో నీరు బయటికి పోయే దారి ఉండదు. రాత్రంతా గార్డులోనే ఉన్న తడి బ్లేడు మీద పొద్దుటికి నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. దాచేటప్పుడు తువ్వాలు గుడ్డతో కుట్టిన మెత్తని తొడుగులు వాడాలి. ఇవి మిగిలిన చెమ్మను పీల్చుకుంటాయి. కొనాల్సిన పని లేదు, పాత తువ్వాలుతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. అవి తడిస్తే మాత్రం మార్చాలి.

‘మాది స్టెయిన్‌లెస్ స్టీలు, తుప్పు పట్టదు’ అనే ధీమా కూడా పూర్తిగా సరికాదు. స్టెయిన్‌లెస్ ఉక్కును కాపాడేది అందులోని క్రోమియం వల్ల ఏర్పడే, కొన్ని నానోమీటర్ల మందం ఉండే ఆక్సైడు పొర. దానికోసం కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. అయితే బ్లేడు గట్టిగా ఉండాలంటే కార్బన్ కూడా ఎక్కువ కలపాలి. ఆ కార్బన్ కొంత క్రోమియాన్ని తనతో కలుపుకుంటుంది. అందువల్ల వంటింటి గిన్నెకు ఉన్నంత రక్షణ బ్లేడుకు ఉండదు. ఫిగర్ స్కేటింగ్ బ్లేడ్లు చాలావరకు క్రోమియం పూత వేసిన కార్బన్ ఉక్కుతో చేసినవి. సాన పట్టే చోట ఆ పూత ఉండదు. అంటే అన్నిటికంటే కీలకమైన అంచే రక్షణ లేకుండా మిగులుతుంది. ఇనుప పెనాన్ని కడిగి, ఆరబెట్టి, నూనె రాసి పెట్టే అలవాటే ఇక్కడా పనికొస్తుంది.

సాన: మందే, కానీ మోతాదు తప్పకూడదు

‘మొద్దుబారితే మళ్లీ సాన పట్టిస్తే సరి’ అనిపించవచ్చు. కానీ సాన పట్టడమంటే ఉక్కును తీసేయడమే. గంటు ఎంత లోతుగా పడితే, మొత్తం బ్లేడు పొడవునా అంత లోతు అరగదీయాలి. ఒక్క గులకరాయి చేసిన గాయాన్ని మాన్పడానికి బ్లేడు ఆయుష్షులో కొంత కోల్పోవాలి.

మరో ప్రమాదం వేడి. ఉక్కుకు గట్టితనం వచ్చేది దాన్ని కాల్చి, చల్లార్చి, మళ్లీ తగుమాత్రం వేడిచేసే ప్రక్రియ వల్ల. మామూలు గ్రైండరు మీద గట్టిగా నొక్కి పట్టితే సన్నని అంచు దగ్గర ఉష్ణోగ్రత 200 నుంచి 300 డిగ్రీలు దాటవచ్చు. కార్బన్ ఉక్కు మీద పసుపు, ఆపై నీలం రంగు తేలితే అంచు మెత్తబడిందని గుర్తు. అలాంటి అంచు ఎంత పదునుగా ఉన్నా రెండు రోజులు నిలవదు. కత్తులకు సాన పట్టేవారి దగ్గర మరో ఇబ్బందీ ఉంది. వారి రాయి బ్లేడు మధ్య గాడిని నిలబెట్టదు, రెండు అంచులనూ ఒకే ఎత్తులో ఉంచదు. రెండు అంచులు సమంగా ఉన్నాయో లేదో చూడటానికి బ్లేడు మీద అడ్డంగా ఒక నాణెం ఆనించి చూస్తే చాలు. అది ఒక పక్కకు ఒరిగితే అంచుల ఎత్తులో తేడా ఉందన్నమాట.

చిన్న గరుకుదనానికి యంత్రం అక్కర్లేదు. చేతిలో ఇమిడే నున్నని సానరాయితో బ్లేడు పక్కభాగాన్ని చదునుగా, తేలిగ్గా రుద్దితే అంచు మీద తిరగబడిన ఉక్కు పొర పోతుంది. గాడి లోతు విషయంలోనూ ఆరుబయటికి కొంత తేడా ఉంటుంది. బాగా గట్టిపడిన చలి ఐస్‌లోకి దిగడానికి కాస్త లోతైన గాడి, మెత్తని ఐస్‌కు తక్కువ లోతున్న గాడి అనుకూలం. వేగపు పందేల బ్లేడ్లకు గాడే ఉండదు, అడుగు చదునుగా ఉంటుంది. వాటికి సాన పట్టేది చాలావరకు చేత్తోనే, రెండు బ్లేడ్లనూ ఒక చట్రంలో బిగించి.

ఆరుబయట స్కేటింగ్‌కు వెళ్లేవారికి

1. దిగేముందు ఐస్ మీద ఒక చుట్టు నడిచి చూడండి. రాళ్లు, పుల్లలు, మట్టి పొర ఉన్న చోట్లను ఊడ్చండి. ఊడ్చినా పోని చోట గుర్తు పెట్టి, అటు వెళ్లకండి.

2. బల్ల వేసుకునేది ఐస్ అంచుకు వీలైనంత దగ్గరగా. మధ్యలో చాప పరచండి. చెప్పులతో ఐస్ మీదికి వెళ్లేవాళ్లు కాళ్లు దులుపుకునే ఏర్పాటు ఉండాలి.

3. గార్డులు తీసేది ఐస్ మీద అడుగు పెట్టే క్షణంలోనే. దిగగానే మళ్లీ తొడగాలి.

4. ఆట అయ్యాక రెండుసార్లు తుడవండి. తర్వాత గుడ్డ తొడుగులు వేయండి. జిప్పు మూసిన సంచిలో రాత్రంతా ఉంచకండి.

5. ఆరబెట్టడానికి బుఖారీకి మరీ దగ్గరగా పెట్టకండి. ఉక్కుకు కాదు గానీ, బూటు తోలుకూ జిగురుకూ అది చేటు.

6. రెండు జతలు ఉంటే పాతదాన్ని చెరువుకు, మంచిదాన్ని రింకుకు కేటాయించండి.

7. సీజన్ ముగిశాక బ్లేడుకు పలుచగా యంత్రనూనె రాసి, పొడిచోట దాచండి.

హైదరాబాద్‌లో దాచే బ్లేడు

చివరి సూచన తెలుగువారికి మరీ ముఖ్యం. 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ ఐస్ స్కేటింగ్‌లో తెలంగాణకు చెందిన నయనశ్రీ తాళ్లూరి స్వర్ణం సాధించారు. మంచే కురవని ప్రాంతాల నుంచి వచ్చే స్కేటర్లు సాధారణంగా చక్రాల స్కేట్ల మీద మొదలుపెట్టి, తర్వాత ఐస్‌కు మారుతుంటారు. చక్రాల స్కేట్లతో రోడ్డు మీద వెళ్లవచ్చు, వాటికి ఇసుక పెద్ద లెక్క కాదు. ఐస్ బ్లేడుకు ఆ అలవాటు పనికిరాదు. నడిచే ప్రతి అడుగునూ చూసుకోవాలి.

పోటీలు ముగిశాక ఆ బ్లేడ్లు ఏడాదిలో చాలా నెలలు మన వాతావరణంలోనే ఉంటాయి. సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఉక్కు మీద తుప్పు వేగం పుంజుకుంటుంది. వానాకాలం హైదరాబాద్‌లో, ఏడాదిలో ఎక్కువ భాగం కోస్తాలో ఈ హద్దు సులభంగా దాటుతుంది. లద్దాఖ్‌లో పొడిగాలే బ్లేడును కొంత కాపాడుతుంది. ఇక్కడ ఆ పని మనమే చేయాలి. నూనె రాసిన బ్లేడును పొడి గుడ్డలో చుట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, నెలకోసారి తీసి చూడటం మంచిది.

ఎవరికి ఎక్కువ ఉపయోగం?

లద్దాఖ్‌లో 1970ల నుంచి సైనికుల ద్వారా ఐస్ హాకీ వ్యాపించింది. పాత సైనిక బూట్ల కింద ఇనుప బ్లేడ్లు బిగించుకుని ఆడిన తొలితరం కథలు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే నేల నుంచి వచ్చిన అమ్మాయిలే ఎక్కువగా ఉన్న భారత మహిళల జట్టు 2025లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. కొత్త రింకులు వస్తున్నా, ఊళ్లలో చిన్నపిల్లలు మొదట స్కేటింగ్ నేర్చుకునేది చెరువుల మీదే.

మంచి స్కేట్ల జత ఖరీదైన వస్తువు. ఒక జతను ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులవారీగా వాడే చోట, బ్లేడు దెబ్బతింటే ఆట పోయేది ఒక్కరికి కాదు. పైగా మొద్దు అంచుతో మలుపు తిరిగితే కాలు పక్కకు జారుతుంది. పిల్లలు అది తమ చేతకానితనం అనుకుంటారు. బ్లేడును వెలుగులో పెట్టి చూస్తే అసలు కారణం తెల్లని గీతలా కనిపిస్తుంది. కాబట్టి పిల్లలకు స్కేట్లు అందించే శిక్షకులు, దాతలు ప్రతి జతతో పాటు ఒక జత గార్డులు, రెండు పాత తువ్వాళ్లు, ఒక నున్నని సానరాయి కూడా ఇవ్వాలి. స్కేట్ల ఖరీదుతో పోలిస్తే వాటికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.